దొంతరలో లేని చీటీ

మామగారి కళ్ళజోడు పోయిన రోజున ఇంట్లో అందరికీ ఆలస్యమైంది. మామగారు పోయి ఏడాది దాటింది. ఆయన కళ్ళజోడు అప్పటినుంచీ అత్తగారి ముక్కు మీదే ఉంటోంది. "ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్క విషయంలోనూ మా చూపు కలవలేదు. ఆయన పోయాక అద్దాల్లో కలిసింది" అని అత్తగారు నవ్వుతూనే అంటారు. అని, ఆ అద్దాలను తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తారు. కొత్త జోడు చేయిద్దామంటే వినరు.

"నువ్వు కాస్త వెతికిపెట్టు" కోడలితో అన్నాడు ఆమె భర్త, బూట్లు వేసుకుంటూ. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా."

ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా. ఈ మాటకు నాలుగేళ్ళు. ఆమె ఇంట్లో ఉండి చేసేదీ ఉద్యోగమే, జీతం అతని జీతం కన్నా రెండు మెట్లు పైనే ఉంటుంది కూడా. అయినా పడగ్గది మూలనున్న ఆ బల్ల ముందు కూర్చున్నంతసేపూ ఆమె ఖాళీగా ఉన్నట్టే లెక్క. గ్యాస్ అతను వస్తే ఆమె, కొరియర్ వస్తే ఆమె, కుళాయి కారితే ఆమె. పోయిన నెల భర్త తన స్నేహితుడితో అంటుంటే విన్నది: "మా ఇంట్లో ఏ గొడవా లేదురా. ఇల్లు దానంతటదే నడిచిపోతుంది." ఆ మాట విన్నప్పుడు ఆమె చేతిలో పాలగిన్నె, చెవిలో ఆఫీసు ఫోను, కాలి కింద కూతురు ఒలకబోసిన నీళ్ళు. కోపం రాలేదు. నవ్వొచ్చింది. దానంతటదే నడిచేదేదీ ఈ లోకంలో లేదని ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఆమె పని అలాంటిది. కంప్యూటరు గుండెకాయ లాంటిది కెర్నెల్. ఆసుపత్రుల్లాంటి చోట్ల దాన్ని ఒక్క నిమిషం కూడా ఆపడానికి వీల్లేదు. తప్పు కనబడితే, నడుస్తూ ఉండగానే పాత ఫంక్షన్‌ను, అంటే ఒక పని చేసే తునకను, తీసి కొత్తది పెట్టాలి. పెట్టేముందు ఒక సంగతి రూఢి చేసుకోవాలి: ఆ పాతదాని లోపల ఈ క్షణంలో ఎవరూ ఉండకూడదు. మనిషి కూర్చోబోతుంటే కుర్చీ లాగకూడదు కదా. ఒక పని మధ్యలో ఇంకో పనికి వెళ్ళే ప్రతి ఫంక్షనూ, తిరిగి ఎక్కడికి రావాలో చీటీ రాసిపెడుతుంది. చీటీ మీద చీటీ. ఆ దొంతరే స్టాక్. ఆ చీటీలను పైనుంచి అడుగుదాకా ఒక్కటి వదలకుండా చదివి, ఏయే ఫంక్షన్లు ఇంకా పని మధ్యలో ఉన్నాయో చెప్పే ప్రోగ్రాము ఆమె రాసింది. ఆ రోజు పదిన్నరకు మీటింగులో ఆమె చేయవలసిందల్లా, తన ప్రోగ్రాము చెప్పేది 'నమ్మదగినది' అని ఒప్పుకుని సంతకం పెట్టడం. సంతకం పడితే మధ్యాహ్నానికి అది ఆసుపత్రుల యంత్రాల్లోకి వెళ్ళిపోతుంది.

టీమ్ లీడ్‌కు జట్టులోవాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు 'అయిపోయినట్టే గారు'. మొదలుపెట్టని పని కూడా ఆయన నోట అయిపోయినట్టే ఉంటుంది. "పది లక్షల సార్లు నడిపించాం, ఒక్కసారీ తప్పలేదు. అయిపోయినట్టే" అని శుక్రవారమే పైవాళ్ళకు చెప్పేశాడు. ఆమెకు మాత్రం మూడు రోజులుగా ఏదో వెలితి. తప్పలేదనడం వేరు, తప్పదనడం వేరు. ఏమిటా వెలితి అని అడిగితే చెప్పలేకపోయేది, అంతే.

తొమ్మిదిన్నర. సోఫా దిండ్ల కింద లేదు. దేవుళ్ళాడి లాభం లేదని, ఆమె అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టింది.

"అత్తయ్యా, వెనక్కి చెప్పుకుంటూ రండి. జోడు లేదని ఎక్కడ తెలిసింది?"

"బాల్కనీలో."

"అంతకుముందు ఎక్కడున్నారు?"

"హాల్లో. పేపరు చదువుతున్నా. పెట్టుకునే చదివానమ్మాయ్, గుడ్డిదాన్నేం కాదు."

"హాల్లోంచి నేరుగా బాల్కనీకే వెళ్ళారా?"

"మరి గాల్లో ఎగిరి వెళ్తానా? బాల్కనీలో కాలు పెట్టానో లేదో మీ ఆడపడుచు ఫోను. మాట్లాడి పెట్టేసి చూసుకుంటే జోడు లేదు."

హాలు, బాల్కనీ. రెండూ వెతికారు. కథలో ఎక్కడా అతుకు కనబడలేదు. "బాల్కనీకి ఎందుకు వెళ్ళారు?" అంది ఆమె, అడగడానికి ఇంకేమీ లేక.

"తడిబట్టలు ఆరేయడానికి."

"తడిబట్టలు హాల్లో ఉన్నాయా?"

అత్తగారు నుదురు కొట్టుకున్నారు. "అయ్యో నా మతి మండా! మిషను దగ్గరికెళ్ళి తీసుకొచ్చా కదా!"

కళ్ళజోడు వాషింగ్ మిషను మీద, సబ్బుపొడి డబ్బా పక్కన బుద్ధిగా కూర్చుని ఉంది. అత్తగారు దాన్ని తీసుకుని కాసేపు గుండెకు ఆనించుకున్నారు.   ఆమె మాత్రం వాషింగ్ మిషను వంకే చూస్తోంది. అత్తగారు బాల్కనీ గడప మీద కాలు పెట్టగానే ఫోను మోగింది, మధ్యలో ఉన్న గది కాస్తా కథలోంచి జారిపోయింది, ముందుదీ వెనకదీ శుభ్రంగా అతుక్కుపోయాయి. ఆమె మూడు రోజుల వెలితికి అప్పుడు ముఖం కనబడింది. దాదాపుగా పరుగెత్తి బల్ల ముందు కూర్చుంది.

కెర్నెల్లో నేరుగా యంత్రభాషలో చేత్తో రాసిన ఫంక్షన్లు పన్నెండున్నాయి. చిన్నవే కదా అని ఎవరూ వాటి జోలికి పోలేదు. అలాంటి ఒకటి లోపలికి అడుగుపెట్టి, చీటీ ఎక్కడుందో చెప్పే తన గుర్తు ఇంకా పెట్టకముందే, బయటినుంచి పిలుపొచ్చి ఆగిపోయిందనుకోండి. అప్పుడు దొంతర చదివితే దాన్ని పంపినవాళ్ళ పేరు, అంటే దానికి పని పురమాయించిన ఫంక్షన్ పేరు, దొరకదు. పంపినవాళ్ళను పంపినవాళ్ళ పేరు దొరుకుతుంది. చదవడం అడుగుదాకా సాఫీగా సాగుతుంది, అంతా సరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది, మధ్యలో ఒకరు మాత్రం ఉండరు. మార్చబోయేది ఆ ఒక్కరినే అయితే, ఆసుపత్రి యంత్రం నిలువునా ఆగిపోతుంది.

సరిగ్గా ఆ క్షణానే పిలుపొచ్చేలా ఏర్పాటు చేసి నడిపించింది. నాలుగోసారికి పేరు మాయమైంది. తన ప్రోగ్రాము చేసిన తప్పు చూసి ఇంత సంతోషించడం ఆమెకు ఇదే మొదలు. తెర మీద ఆ రెండు పేర్లనూ, వాటి మధ్య లేని పేరునూ చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయింది. అత్తగారికి వేళకు మందులందుతాయి, కూతురు బడికి వేళకు వెళుతుంది, ఇల్లు దానంతటదే నడుస్తుంది. ఎవరు చెప్పినా ఎంత సాఫీగా సాగుతుందో ఆ కథ!

మీటింగులో 'అయిపోయినట్టే గారు' తల పట్టుకున్నాడు. "పది లక్షల్లో ఒక్కసారి కూడా జరగనిదానికి ఇంత రాద్ధాంతమా అమ్మా? ఒక్క సంతకం."

"పెట్టను సార్. ఇది తెలియనిచోట కూడా తెలిసినట్టు చెబుతోంది. తెలియనప్పుడు తెలియదని చెప్పాలి. అలా చెబితే ఆగి, కాసేపటికి మళ్ళీ చూసుకోవచ్చు. ఆలస్యమవుతుంది, అంతేగా."

"పైవాళ్ళకు ఏమని చెప్పను?"

"అయిపోలేదని చెప్పండి."

ఎవరో మైకు ఆపడం మరిచిపోయి కిసుక్కున నవ్వారు. ఆయన తెర మీది పేర్లను మరోసారి చూసి, గొంతు తగ్గించి, "సరే, అయిపోలేదనే చెబుతాను" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం జట్టులో అందరికీ కొత్తే.

మధ్యాహ్నం భర్త ఫోను చేశాడు. "కళ్ళజోడు దొరికిపోయిందటగా. అమ్మ చెప్పింది."

"దొరికిపోలేదండీ. నేను వెతికాను."

"అదేలే. సాయంత్రం మా ఆఫీసువాళ్ళు నలుగురు భోజనానికొస్తున్నారు. నువ్వెలాగూ..."

ఆమె నాలుక చివరిదాకా 'సరే' వచ్చింది. పెళ్ళయిన పదకొండేళ్ళుగా అది అలాగే వస్తోంది, లోపల ఏముందో చూసుకోకుండానే. ఈసారి ఆగి, లోపలికి చూసుకుంది.

"తెలియదు" అంది.

"తెలియదంటే?"

"వీలవుతుందో లేదో నాకు తెలియదు. నాలుగింటికి మళ్ళీ అడగండి. అప్పటికీ తెలియకపోతే తెలియదనే చెబుతాను."

ఆమె ఫోను పెట్టేసింది. కుర్చీలోంచి అత్తగారు పేపరు దించి చూశారు. "వాడికి ఆ మాట అరగడానికి కాస్త టైం పడుతుందిలే అమ్మాయ్. నువ్వు పని చూసుకో."

ఆమె పని చూసుకుంది. ఒక ఫంక్షన్ సరిచేసింది. ఇంకా పదకొండు చూడాల్సి ఉంది. సాయంత్రం వంట ఎవరు చేస్తారో తేలలేదు.