తోకమీద పిల్ల

సోంబరు ముసలాయన నోరు తెరిస్తే అనంతగిరి కొండల్లో లేని జంతువులు కూడా పుట్టుకొచ్చేవి. ఎలుగుబంటి తనని చుట్ట అడిగి ముట్టించుకుందనేవాడు. బెట్లుడుత తన గొడుగు పట్టుకొని లోయ దాటేసిందనేవాడు. జనం పొట్ట పట్టుకొని నవ్వేవారు గాని ఒక్క ముక్కా నమ్మేవారు కాదు.

చైత్రంలో ఇటుకల పండుగ వచ్చింది. మగవాళ్లు విల్లంబులతో వేటకు పోవాలి. ఉత్త చేతులతో దిగితే ఆడవాళ్లు పేడనీళ్లు కొడతారు. ఒకప్పుడు దుప్పులూ కణుజులూ దొరికేవి. అడవి పలచబడ్డాక మూడేళ్లుగా పేడనీళ్లే దొరుకుతున్నాయి. ఈసారి ఏదో ఒకటి కొట్టుకురావలసిందేనని సోంబరు మేనల్లుడు ధర్మ పంతం పట్టాడు.

తెల్లవారింది. మంచు ఇంకా కొండ దిగలేదు. ఇప్పపూలు రాలే చప్పుడు తప్ప మరేమీ లేదు. ముందు నడుస్తున్న సోంబరు ఒక చెదపుట్ట దగ్గర ఆగిపోయాడు.

పుట్ట వెనక, మంచులోంచి చెదలు తినే అలుగు వచ్చింది. ఒళ్లంతా రాగిబిళ్లలు పేర్చినట్టు పొలుసులు. ముందరి కాళ్లు గుండెకు ముడుచుకొని, నిద్రలో నడుస్తున్నట్టు నడుస్తోంది. తోకమీద బోర్లా పడుకొని పిల్ల, లేత గులాబీ రంగుది, ఊగుతోంది. ఒకనాడు తనని వీపున కట్టుకొని చోడిచేలో కలుపు తీసిన అమ్మ ఒంటి వెచ్చదనం సోంబరుకు మెడ దగ్గర తగిలింది. అలుగును చూసి ఇరవై ఏళ్లు దాటింది. ఈ కొండకు ఇదే ఆఖరుదేమో. పాపం, దానికి పరిగెత్తడం కూడా రాదు. ముట్టుకుంటే ముడుచుకుంటుంది, బుట్టలో వేసుకుపోవడమే.

"ఏటి మావా, అలా నిలబడిపోనావు?" వెనక మలుపులోంచి ధర్మ గొంతు.

ఏమీ లేదంటే వాడు ఉరికొస్తాడు. సోంబరు 'ఏమీ లేదు' అన్న రోజును ఊళ్లో ఎవరూ ఎరగరు. పోనీ అబద్ధం ఆడదామంటే, అంతటి నోరూ ఎండిపోయింది. చేసేదిలేక ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"అలుగురా అల్లుడా! ఒళ్లంతా రాగిబిళ్లలు. పిల్లని తోకమీద ఎక్కించుకొని, మడిసినాగ రెండుకాళ్లమీద పోతంది!"

ధర్మ విల్లు దించి పగలబడి నవ్వాడు. "ఒరే మల్లేశూ, మావ మొదలెట్టీసినాడ్రా!"

"పిల్లకి ఆఫ్ టిక్కెట్టు కొట్టినారా తాతా?" అన్నాడు వాడి వెనకే వస్తున్న మల్లేశు.

"బేగి రండ్రా, ఈ కత ఇంటే పొద్దోతది. వాగుకాడికి పోదాం" అన్నాడు ధర్మ.

నవ్వులు దిగువకు పోయాయి. అలుగు మంచులోకి పోయింది.

సాయంత్రం ఊరి మొగలో ఆడవాళ్లు కుండలతో కాచుకున్నారు. ధర్మ నెత్తిన ఒక కుండ, మల్లేశు మొహాన ఒక కుండ పడ్డాయి. సోంబరు పెళ్లాం కనక చీర కుచ్చిళ్లు ఎగదోపి ముందుకొచ్చింది.

"ఏటి ముసిలోడా, ఈ ఏడు నిన్ను సుట్ట అడిగినాదెవులు?"

"ఏటీ కనపళ్లేదే కనకా" అన్నాడు సోంబరు.

ఎత్తిన కుండ గాలిలోనే ఆగింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఆమె వినలేదు. మొగుడి కళ్లలోకి చూసింది. కొండకేసి చూసింది.

పేడనీళ్లు ఆయన పాదాలమీద, పసిబిడ్డకు పోసినంత మెల్లగా పోసింది.