మా ఆయన నడుం, మహాసముద్రం

"నడుం పట్టేసింది" అన్నాడు మా ఆయన మంచం మీంచి. నేను అంట్లు తోముతున్నాను. ఆశ్చర్యమేమీ కలగలేదు. ఆ రోజు పదకొండింటికి నాకు మీటింగుంది మరి.

"వాణ్ణిలా వదిలేసి వెళ్తావా?" అంది అత్తగారు పేపర్లోంచి తలెత్తకుండా. "చిన్నప్పట్నుంచీ వాడి నడుం సున్నితం."

నేను పశువైద్య శాఖలో రికార్డులు చూస్తాను. ఎక్కడో మహాసముద్రం కొన్నేళ్లకోసారి వేడెక్కుతుంది. ఆ ఏడు మా వైపు వానలు దంచేస్తాయి. వానల వెనక చిన్న దోమలు, దోమల వెనక గొర్రెలకి మూతి వాచి నాలుక నీలబడే జబ్బు. ఇరవై ఏళ్ల రికార్డులు ముందేసుకుని, పటం గీసి ఇది పట్టుకున్నాను. ఈ ఏడు సముద్రం మళ్లీ వేడెక్కుతోంది. వానలకి ముందే టీకాలు పడకపోతే మందలకి మందలే పోతాయి. ఇంట్లో ఈ మాట చెబితే మా ఆయన పడీపడీ నవ్వాడు. "అక్కడ సముద్రానికి జ్వరమొస్తే ఇక్కడ గొర్రె మూలుగుతుందా? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టాలంటే నీ తర్వాతే ఎవరైనా."

నాకు ఒళ్లు మండింది. కుక్కర్ కూతకొచ్చేలోగా ఇంకో పటం గీశాను. ఎర్ర గీత నేను ఊరికెళ్లాల్సిన రోజులు, నీలం గీత ఆయన నడుం నొప్పి. పదకొండేళ్లలో ఒక్కసారీ గురి తప్పలేదు. తీరిగ్గా చూపిద్దామని గొర్రెల పటం పక్కనే దాచాను. అదే కొంప ముంచింది.

నేను గీసిన పటాల మీద తన పేరేసుకుని మీటింగుల్లో చదవడం మా పెద్దసారుకి అలవాటు. చదివే ముందు ఓసారి చూసుకోవడం మాత్రం అలవాటు లేదు. ముందు రోజు సాయంత్రం "ఆ పటం పంపించమ్మా" అని ఫోన్ చేస్తే, ఒక చేత్తో కూర కలుపుతూ రెండో చేత్తో పంపాను.

మా ఆయన నడుం కింద వేడినీళ్ల సంచి పెట్టి, అత్తగారికి కాఫీ ఇచ్చి, నేను హాల్లో అడుగుపెట్టేసరికి పదకొండున్నర దాటింది. తెర మీద మా ఆయన నడుం ఉంది.

"చూశారా మేడమ్, ఎర్రది లేచినప్పుడల్లా నీలం లేచింది" అంటున్నారు పెద్దసారు. "ఇంత కచ్చితమైన సంబంధం నా సర్వీసులో చూడలేదు."

"నేనూ చూడలేదు" అంది డైరెక్టరమ్మ కళ్లజోడు సవరించుకుంటూ. "కానీ సముద్రం వేడెక్కిన చోట 'చెల్లి పురుడు' అని రాసుందేమిటి?"

పెద్దసారు తెరకేసి వంగి చూశారు. "అది... స్థానిక పరిస్థితి మేడమ్."

"'నేను తిరిగొచ్చిన గంటకి తగ్గింది.' ఎవరు తిరిగొచ్చిన గంటకి?"

హాలంతా నవ్వు. ఆవిడ మాత్రం నవ్వకుండా ఫైలు మూసేసింది. "ఇలాంటి లెక్కల్ని నమ్మి టీకాలు ఇవ్వలేను. వచ్చే ఏడు చూద్దాం."

నోరు మూసుకుంటే పోయేది పెద్దసారు పరువే. తెరిస్తే నా సంసారం వీధిన పడుతుంది. అయినా వచ్చే ఏటిదాకా ఆ గొర్రెలుండొద్దూ? లేచాను.

"అది సముద్రం కాదు మేడమ్, మా ఆయన నడుం. సముద్రం నా సంచిలో ఉంది."

అసలు పటం పెట్టి అరగంట మాట్లాడాను. ఆవిడ ఇరవై ప్రశ్నలడిగింది, ఇరవైకీ జవాబిచ్చాను. పెద్దసారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. చివరికి ఆవిడ టీకాలకి సంతకం చేసి, ఫైలు మీద పెద్దసారు పేరు కొట్టేసి నా పేరు రాసింది. "ఊరూరా దగ్గరుండి నువ్వే వేయించు. మూడు వారాలు పడుతుంది. ఇంట్లో ఇబ్బందా?" అంది.

"అంచనాకి అందని ఇబ్బందేం లేదు మేడమ్" అన్నాను.

బయటికి రాగానే ఫోన్ మోగింది. "ఇప్పుడు కాస్త నయం. ఎప్పుడొస్తున్నావ్?" అన్నాడు మా ఆయన.

"సాయంత్రం వస్తాను. రేపట్నుంచి మూడు వారాలు ఊళ్ల మీదే."

ఫోన్లో మెల్లగా మూలుగు మొదలైంది. సంచిలోంచి నీలం పెన్ను తీసి టైం రాసుకున్నాను.

"నీళ్లు కాచుకోండి" అన్నాను. "పొయ్యి వంటింట్లో ఉంటుంది."