మద్దిచెక్క కషాయం

బంగారురాజు ఒంట్లో కొవ్వు ఎక్కువైందని తెలిసిన రోజునే అతని భార్య వరహాలమ్మకూ ఎక్కువైందని తెలిసింది. కానీ ఆ ఇంట్లో రోగి మాత్రం ఒక్కడే అయ్యాడు.

అతను కొండల మధ్య ఇనుపగనుల ఊరైన కిరందుల్‌లో, రైల్వే కాలనీలో ఉంటాడు. ఇనుపరాయి గూడ్సు నడుపుతాడు. డ్యూటీవాళ్లకు చేసే రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ బాగా ఎక్కువ వచ్చింది. కాలనీ ఆసుపత్రి డాక్టరు దేవిశ్రీ అతని భార్యను కూడా తీసుకురమ్మని, ఆమె రక్తమూ తీయించింది.

“ఇద్దరికీ చెడు కొవ్వు ఎక్కువే ఉంది. అమ్మా, మీకు సార్ కన్నా ఇంకొంచెం ఎక్కువ” అంది డాక్టరు.

బంగారురాజు పొట్ట కదిలేలా నవ్వాడు. “దీనికా? ఎండు నెత్తళ్ల చేపలా ఉంటాది. దీనికి కొవ్వెక్కడిదండీ, మీ మిషనే తప్పు చెప్పుంటాది.”

“సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుందండీ. వయసును బట్టి వస్తుంది, తల్లిదండ్రుల నుంచి వస్తుంది. వేపుళ్లు తగ్గించండి. పప్పులు, ఆకుకూరలు, చోళ్లు, అదే రాగులు, తినండి. రోజూ నడవండి. వాటితోపాటు ఈ మాత్ర వేసుకోండి. ఒకటి చేశాం కదా అని ఇంకోటి మానకండి.”

తిరిగి వస్తున్నప్పుడు స్కూటరు మీద అతను అన్నాడు: “ఆడాళ్లకి గుండెజబ్బులు రావే. నువ్వేటీ బెంగపడకు.”

తను బెంగపడుతున్నట్టు వరహాలమ్మ అనలేదు. మర్నాటి నుంచి రాత్రి భోజనం అయ్యాక మాత్ర వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ సంగతి ఆమె దాచలేదు. అతని కళ్లెదుటే వేసుకునేది. అతను చూడలేదు. చూడటానికి అతనికి తీరిక లేదు. తన ప్రాణం గురించి అతను శ్యామ్‌ప్రసాద్ దగ్గర పాఠాలు నేర్చుకుంటున్నాడు.

శ్యామ్‌ప్రసాద్ ఒకప్పుడు పార్సిలు ఆఫీసులో గుమాస్తా. ఉద్యోగం చేసినంత కాలం అతని మాట ఎవరూ వినలేదు. రిటైరయ్యాక తెల్లలాల్చీ తొడిగి, ప్రకృతి జీవన సంఘం అని పేరు పెట్టి, ఆదివారం ఆదివారం కమ్యూనిటీ హాల్లో మాట్లాడటం మొదలుపెట్టేసరికి కాలనీలో సగం మంది వినసాగారు. అందరూ యాభై దాటిన మగవాళ్లే. మాత్రలు లివరును తినేస్తాయని అతను చెప్పేవాడు. వెల్లుల్లి, మెంతులు, ఉసిరి, అల్లం, తేనె, మద్దిచెక్క ఉండగా మందుబిళ్ల మింగేవాడు ప్రకృతి మాతను అవమానించినట్టేనని చెప్పేవాడు. మీటింగు కాగానే అందరికీ మిరపకాయ బజ్జీలు పంచేవారు. బజ్జీలు ప్రకృతి మాతకు అవమానమో కాదో అక్కడ ఎవరూ అడిగినట్టు లేదు.

బంగారురాజు తన మాత్రల డబ్బా తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేశాడు. ఆ రోజు అతని ముఖం చూస్తే యుద్ధం గెలిచి వచ్చినవాడు గుర్తుకొచ్చాడు వరహాలమ్మకు.

“ఈ రోజు నుంచి మనింట్లో ప్రకృతి వైద్యమే” అన్నాడు.

ప్రకృతి వైద్యమంటే ఏమిటో ఆమెకు మర్నాడు తెల్లవారుజామున తెలిసింది. మెంతులు నానబెట్టింది ఆమె. వెల్లుల్లి ఒలిచింది ఆమె. అల్లం దంచి, నిమ్మకాయలు పిండి, అన్నీ కలిపి సన్నసెగ మీద సగానికి మరగబెట్టి, చల్లారాక తేనె కలిపి సీసాల్లో పోసింది ఆమె. అతను మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ముక్కు పట్టుకుని తాగాడు. తాగి దీర్ఘంగా ఊపిరి వదిలాడు. అంత త్యాగం చేశాక ఆకలి వేయదా? నాలుగు గారెలు, కోడికూర తిన్నాడు.

“డాక్టరమ్మ వేపుళ్లు వద్దంది” అంది వరహాలమ్మ.

“తాగినాను గదే. లోపలికెళ్లింది వెళ్లినట్టే కరిగించేస్తాది.”

“నడవమంది కూడాను.”

“డ్యూటీ మనిషికి నడకేటి? ఇంజను ఎక్కీ దిగీ నా మోకాళ్లు అరిగిపోతన్నాయి.”

కమ్యూనిటీ హాలు వాళ్ల క్వార్టరు నుంచి పిలిస్తే పలికేంత దూరం. ప్రకృతి జీవనం గురించి వినడానికి అక్కడికి కూడా అతను స్కూటరు మీదే వెళ్లేవాడు.

వరహాలమ్మ అతనితో వాదించడం మానేసింది. ఇంత మూర్ఖుడితో వాదిస్తే తన బుద్ధి కూడా అరిగిపోతుందని ఆమెకు అనిపించింది. అతనికి కావలసింది అతనికి వండి, తనకు చోడి అంబలి కాచుకుంది. విజయనగరం దగ్గర పల్లెలో పుట్టి చోడి అంబలి తాగి పెరిగిన మనిషి. పెళ్లయ్యాక అది కూలోళ్ల తిండని బంగారురాజు ఇంట్లో కాయనివ్వలేదు. ఇప్పుడు కాస్తే ఏమీ అనలేదు. గమనిస్తే కదా అనడానికి. పొద్దున్నే బజారుకు నడిచి వెళ్లి, కొండ మలుపు చుట్టి నడిచి వచ్చేది. మొదట్లో ఆయాసం వచ్చేది. తర్వాత తర్వాత ఆ వేళ కోసం ఎదురుచూడసాగింది. ఆ కాసేపూ మెంతుల వాసన ఉండదు.

వానలు ఇంకా పడకముందు ఒక ఆదివారం శ్యామ్‌ప్రసాద్ మద్దిచెక్క మహిమ మీద ఉపన్యాసం ఇచ్చాడు. దుకాణంలో దొరికే పొడి కల్తీదనీ, పచ్చిచెట్టు నుంచి తీసిన చెక్క కషాయం గుండెకు కవచమనీ చెప్పాడు. మర్నాడు బంగారురాజుకు సెలవు. గొడ్డలి, గోనెసంచి స్కూటరు మీద పెట్టుకుని కొండ కిందికి వెళ్లాడు. వాగు ఒడ్డున మద్దిచెట్లు వరసగా ఉన్నాయి. ఒక లావుపాటి చెట్టుకు నడుమెత్తున చుట్టూ చెక్క ఒలిచేశాడు. సంచి నిండలేదని పక్కచెట్టుకూ ఒలిచాడు.

సంచి వంటింట్లో దించి, “బాగా ఎండబెట్టి దంచు. సంవత్సరానికి సరిపోతాది” అన్నాడు.

“ఎవరి చెట్లవి?”

“అడివి చెట్లే. అడివికి ఎవరుంటారు?”

అడవికి ఎవరుంటారో రెండు రోజుల్లో వాళ్లే వచ్చి చెప్పారు. మధ్యాహ్నం వరహాలమ్మ తలుపు తీసేసరికి గుమ్మంలో నలుగురు ఆడవాళ్లు, వాళ్ల వెనక హుంగా అనే పెద్దాయన నిలబడి ఉన్నారు. వాళ్లలో పొజ్జే ఒక్కతికే తెలుగు వచ్చు. ఆమె పుట్టిల్లు కిష్టారం, తెలుగు నేల అంచున ఉన్న ఊరు. కొండ కింది ఊరికి కోడలిగా వచ్చింది.

“ఎర్ర స్కూటరాయన ఇల్లు ఇదేనా?” అని అడిగింది.

“ఇదే. ఏమైంది?”

“ఏమైందా? మా కోసా చెట్లకు చెక్క ఒలుచుకపోయిండు. ఆ చెట్ల మీదనే మేం పట్టుపురుగులు పెంచుతం. చుట్టూ ఒలిస్తే చెట్టు బతుకుతదా? పెద్దచెట్టు ఆకు అప్పుడే వాలిపోయింది. పురుగులకు ఏం పెట్టాలె? మీ ఆయన కాళ్లు పెట్టాల్నా?”

లోపల నుంచి బంగారురాజు బనీనుతో వచ్చాడు. ఆడవాళ్లను చూసి గొంతు పెంచాడు. “ఏయ్, ఏటి గోల? అది మందు కోసం తీసిన చెక్క. గుండెజబ్బుకి. మీకు తెలవదు.”

పొజ్జే ఆ మాట గోండీలో చెప్పింది. ఆడవాళ్లు అతని పొట్ట వైపు చూశారు. వాళ్లలో ఒకామె ఏదో అంది. అందరూ నవ్వారు. హుంగా నవ్వలేదు.

“ఏటంటాదది?” అన్నాడు బంగారురాజు.

“అంత పొట్ట తగ్గాలంటే అడివి మొత్తం ఒలవాలె అంటాంది” అంది పొజ్జే.

బంగారురాజు మాట మార్చాడు. “నేనేం తీయలేదు. బజారులో కొన్నాను. ఎవర్నో చూసి ఎవరనుకుంటన్నారో.”

వరహాలమ్మ అతని ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ల కాపురంలో అతని కోపం చూసింది, పిసినారితనం చూసింది, గురక విన్నది. అబద్ధమాడుతున్నప్పుడు అతని కింది పెదవి అలా వేలాడుతుందని మాత్రం ఆ రోజే గమనించింది. ఆమె లోపలికి వెళ్లి గోనెసంచి ఈడ్చుకొచ్చి గుమ్మంలో పడేసింది.

“ఇదిగో చెక్క. ఒలిచింది ఈయనే” అంది.

“ఒలే, నీకు మతిపోయిందేటి!”

“నాకు పోలేదు. మీకు అది ఉంటే గదా పోవడానికి.”

హుంగా హిందీలో మాట్లాడాడు. రేపు ఊళ్లో పంచాయితీకి కూర్చుంటామని, రాకపోతే ఊరంతా ఇక్కడికే వస్తామని చెప్పాడు. బంగారురాజు అప్పటికప్పుడు శ్యామ్‌ప్రసాద్ ఇంటికి పరిగెత్తాడు. పరిగెత్తడమంటే స్కూటరు మీద. తిరిగి వచ్చేసరికి ముఖం మాడిపోయి ఉంది.

“ఏమన్నారు గురువుగారు?” అంది వరహాలమ్మ.

“కొనుక్కోమన్నాడంట. ఒలవమని ఎప్పుడన్నానయ్యా అంటన్నాడు. తనకి ఒంట్లో బాగోలేదంట, ఊళ్లోకి రాలేడంట.”

“మద్దిచెక్క తాగమనకపోయారా?”

మర్నాడు ఆమె కూడా వెంట వెళ్లింది. అతని మీద జాలితో కాదు, దారిలో ఇంకో అబద్ధం కూర్చుకుంటాడని. ఊరివాళ్లు అరవలేదు, కొట్టలేదు. చెట్టు దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టారు. తెల్లగా ఒలిచిన నడుముతో ఆ చెట్టు బట్ట లాగేసిన మనిషిలా ఉంది. పైన ఆకులు ముడుచుకుపోయాయి. పొజ్జే ఒక కొమ్మ మీది పురుగులను చేత్తో తీసి బుట్టలో వేసుకుంటోంది, వేరే చెట్టు మీదికి మార్చడానికి. పేడా బంకమట్టీ కలిపి గాయానికి మెత్తమన్నారు. బంగారురాజు ప్యాంటు మడిచి, మోకాళ్ల మీద కూర్చుని మెత్తాడు. వానలు పడ్డాక ఆ ఒడ్డున మద్దిమొక్కలు నాటాలని, నిలదొక్కుకునేదాకా వచ్చి చూసుకోవాలని తీర్పు చెప్పారు. సరేనన్నాడు. ఆ పరిస్థితిలో కొండ ఎత్తి పక్కన పెట్టమన్నా సరేననేవాడు.

“పెద్దది బతకదు. చిన్నది చూడాలె” అంది పొజ్జే వరహాలమ్మతో. “నీ మొగుడు ఎప్పుడూ గిట్లనేనా?”

“ఎప్పుడూ ఇంతే” అంది వరహాలమ్మ.

తర్వాతి రక్తపరీక్షకు ఇద్దరూ వెళ్లారు. ఆమెది బాగా దిగింది. అతనిది ఇంకా పెరిగింది. డాక్టరు దేవిశ్రీ కాగితం చూసి, “మాత్ర మానేశారా?” అని అడిగింది.

బంగారురాజు కింది పెదవి వేలాడింది. “వేసుకుంటన్నానండీ.”

“చెత్తబుట్ట వేసుకుంటోందండీ” అంది వరహాలమ్మ.

డాక్టరు కోప్పడలేదు. మెంతులు మంచివేననీ, వెల్లుల్లి తింటే నష్టం లేదనీ, కానీ ఇంత కొవ్వుకు అవి మాత్రమే చాలవనీ మెల్లగా చెప్పింది. ఇలాగే పెరిగితే గుండె పరీక్షలకు విశాఖ పంపాల్సి వస్తుందని, అవి తేలేదాకా ఇంజను ఎక్కనివ్వకపోవచ్చని కూడా చెప్పింది. ప్రకృతి మాతకు జరిగిన ఏ అవమానానికీ అంత భయపడని బంగారురాజు ఆ మాటకు చెమటలు కక్కాడు. ఆ రాత్రి నుంచే మాత్ర మింగాడు. గారెలు మానేశాడు. అంబలి గిన్నె ముందు పెడితే విషం చూసినట్టు చూసి తాగాడు. వాగు ఒడ్డున మొక్కలకు వెళ్లాలంటే వానాకాలం బురదలో స్కూటరు దిగదు కాబట్టి అటూ ఇటూ నడిచాడు. చలికాలం వచ్చేసరికి బెల్టుకు కొత్త చిల్లు పొడవాల్సి వచ్చింది. రక్తం కూడా దారికొచ్చింది.

ఆ సంగతి ఎలా తెలిసిందో శ్యామ్‌ప్రసాద్‌కు తెలిసింది. ఆదివారం మీటింగుకు ఈసారి కుటుంబాలతో రమ్మన్నాడు. హాలు నిండింది. వరహాలమ్మ వెనక వరసలో కూర్చుంది.

“మన బంగారురాజుగారిని చూడండి! మెంతులు, వెల్లుల్లి, అంతే. ఒక్క మందుబిళ్ల ముట్టలేదు. సార్, మీరే చెప్పండి” అంటూ మైకు అతని చేతికిచ్చాడు శ్యామ్‌ప్రసాద్. చెట్టు తగాదా రోజు ఒంట్లో బాగోలేని మనిషి ఇప్పుడు కుర్రాడిలా ఉన్నాడు.

బంగారురాజు హాలంతా చూశాడు. భార్యను కూడా చూశాడు. అందరూ తన పొట్టనే చూస్తున్నారు, మెచ్చుకోలుగా.

“అవును. మెంతులే” అన్నాడు. “తెల్లారగట్ల లేచి నానేసుకుని, నా చేత్తోనే దంచుకుని...”

చప్పట్లు కొట్టారు. వరహాలమ్మ లేచింది. పక్కన కూర్చున్న గార్డు భార్య సంతోషకుమారి ఆమె చెయ్యి పట్టుకుని, “ఎందుకు వదినా వెళ్లిపోతన్నావు, బజ్జీలు పెడతారు” అంది.

“మీ ఆయన మాత్రలు వేసుకుంటన్నాడా?” అంది వరహాలమ్మ.

“మానేశాడు. శ్యామ్‌ప్రసాద్‌గారి మాటలు విని.”

“ఈ రాత్రి నుంచి వెయ్యి. మా ఆయన రోజూ మింగుతన్నాడు. నేనే చేతిలో పెడతన్నాను.” ఆ మాట ఆమె మెల్లగా అనలేదు. ముందు రెండు వరసలవాళ్లు వెనక్కి తిరిగారు.

బంగారురాజు ఇంటికి వచ్చేసరికి ఆమె తినేసి గిన్నె కడుగుతోంది.

“అందరి ముందు పరువు తీసినావు” అన్నాడు.

“ఉన్నది చెప్పాను.”

“ఒక్క మాట. ఒక్క మాట గొప్పగా చెప్పుకుంటే నీకు పోయిందేటి?”

ఆమె చేతులు తుడుచుకుని అతని వైపు తిరిగింది. “ఆ మాట విని సంతోషకుమారి మొగుడు పోతాడు. మీరు పోరు, మీకు నేనున్నాను. పోతే ఇంకోళ్ల మొగుళ్లు పోతారు.”

అతను గోడ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. చివరికి చాలా కాలంగా ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడిగాడు.

“నీకెలాగుంది? నీ రక్తం.”

“బాగుంది.”

“ఎంతొచ్చింది?”

“మీరు పక్కనే ఉన్నారు, డాక్టరమ్మ చెప్పినప్పుడు” అంది వరహాలమ్మ. అంబలి గిన్నె పొయ్యి మీద ఉందని చెప్పి, లైటు తీసేసి పడుకోవడానికి వెళ్లిపోయింది.