ఏమీ లేదన్నది ఇంకా బాగా కనపడాలి

ఆ ఆసుపత్రి సీటీ స్కాన్ గదిలో 'పెద్ద డాక్టరుగారి సెట్టింగు' అని ఒకటుంది. తొంభై కిలోల మనిషికి సరిపడా రేడియేషన్ పెట్టినది. బొమ్మ అద్దంలా వస్తుంది కనుక పద్నాలుగు కిలోల పిల్లలకూ అదే వాడమని ఆయన ఆజ్ఞ. రేడియేషన్ మాటెత్తితే, "కంటికి కనపడని దాని గురించి అంత కంగారెందుకు?" అనేవారు. కంటికి కనపడని దాంతోనే ఆయన ఇల్లు కట్టుకున్నారన్న సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు.

ఒక పూట సోఫా మీంచి దొర్లిపడ్డ మూడేళ్ల పాపను అమ్మమ్మ ఎత్తుకొచ్చింది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి, నాలుగైదు వాంతులు. టెక్నీషియన్ పిల్లల సెట్టింగు పెట్టి ఒక్కసారి తీసింది. ఆ తర్వాతే నోరు జారింది.

"భయం లేదు అమ్మమ్మగారూ, పాపకి డోసు బాగా తగ్గించాను."

"తగ్గించావా? ఎవర్నడిగి తగ్గించావ్? చిన్నపిల్లంటే అంత చిన్నచూపా? ఫుల్లు డోసివ్వు!"

"ఇది మందు కాదండీ..."

"మందు కాకపోతే డోసనెందుకంటారే తల్లీ?"

అమ్మమ్మ కేకలకు పెద్ద డాక్టరుగారే దిగొచ్చారు. తెర వంక చూసి మొహం చిట్లించారు.

"ఏంటిది, ఇసక చల్లినట్టుంది? నా సెట్టింగులో మళ్లీ తియ్యి."

"దెబ్బేమైనా ఉందా సార్?"

"లేదు. ఎముక బాగుంది, రక్తం లేదు."

"మరి మళ్లీ తీస్తే ఏం కనపడుతుంది సార్?"

"ఏమీ లేదన్నది ఇంకా బాగా కనపడుతుంది."

వచ్చే నెల ఒక సదస్సులో ఆయన ఉపన్యాసం ఉంది. అక్కడ బొమ్మలు మెరవాలి. తన తల సదస్సుకు బయల్దేరుతోందని తెలియని పాప దుప్పటి అంచు నములుతోంది. అమ్మమ్మ సంబరంగా పాపను మళ్లీ బల్ల మీదికి ఎత్తబోయింది. టెక్నీషియన్ అడ్డం నిలబడింది. మాట మాత్రం మర్యాదగానే వచ్చింది.

"పాప నిద్రపోయిందో లేదో చూడ్డానికి చిన్న లైటు వేస్తారా, మొహమ్మీద ఫ్లడ్ లైటు వేస్తారా? డోసంటే ఆ వెలుగులాంటిదండీ. ఎక్కువేస్తే నయం కాదు సరికదా, ముందుముందు కాన్సరొచ్చే ప్రమాదం కాస్త పెరుగుతుంది."

అమ్మమ్మ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "కాన్సరా!"

"కాస్తేనండీ. అవసరమైతే తియ్యక తప్పదు. కానీ ఆ కాస్త కూడా ఊరికే ఎందుకు?"

అమ్మమ్మ పాపను చంకనేసుకుని డాక్టరు వైపు తిరిగింది. "అయితే బాబూ, రెండోసారి ఎందుకు తీస్తున్నారో ఈ స్కాన్ చీటీ మీద రాసివ్వండి. మా అల్లుడు అడుగుతాడు."

ఆయన పెన్ను తీశారు. అందం కోసమని రాస్తే అందంగా ఉండదు. కాసేపు గాల్లో తిప్పి, చివరికి 'అంతా బాగుంది, మళ్లీ అక్కర్లేదు' అని రాసి సంతకం గీకారు. పోతూ పోతూ టెక్నీషియన్ వైపు వేలు చూపించారు.

"రేపట్నుంచి నువ్వు ఎక్స్‌రే గదికి పో. ఇక్కడ కనపడకు."

ఆమె "సరే సార్" అంది. ఆ గదికి రోజూ నలభైమంది పిల్లలు వస్తారనీ, అక్కడా డోసు పెట్టేది ఆమేననీ కోపంలో ఆయనకు తట్టలేదు.