నాలుగో సీటు ధర

"నీకేం, కూర్చుని చూడటమేగా నీ పని," అన్నాడు మా ఆయన. వాషింగ్ మెషిన్‌లోంచి తడి బట్టలు తీసి బకెట్లో వేస్తున్నాను అప్పుడు. బకెట్ ఆయన దారికి అడ్డంగా ఉంది. దాన్ని పక్కకి జరపకుండా, జాగ్రత్తగా దాటుకుని వెళ్ళి, సోఫాలో కూర్చున్నాక అన్నాడు ఆ మాట. దురుద్దేశంతో కాదు, పాపం. ఆయనకి తోచింది అది. పొయ్యి మీద పాలు పెట్టి పొంగకుండా చూసేది కూడా నేనే కాబట్టి, చూడటం ఎంత పనో ఆయనకి తెలిసే అవకాశం రాలేదు.

నా ఉద్యోగం నిజంగానే చూడటం. మా కంపెనీలో ఎనిమిది వందల కంప్యూటర్లున్నాయి. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏ ఫైలు తెరిచారు, బయటినుంచి ఎవరు లోపలికి దూరాలని చూశారు, ఇవన్నీ ఒక సాఫ్ట్‌వేర్ నమోదు చేస్తూ ఉంటుంది. అనుమానం వస్తే అలర్ట్ ఇస్తుంది. దానికి అనుమానం కాస్త ఎక్కువే. వంద అలర్ట్‌లిస్తే తొంభై ఎనిమిది ఉత్తవే: ఎవరో పాస్‌వర్డ్ మర్చిపోయి ఉంటారు, ఎవరో ఊరెళ్ళి అక్కడినుంచి మెయిల్ చూసుకుని ఉంటారు. మిగిలిన ఆ రెండూ ఏవో తేల్చాలి. ఒక్కో అలర్ట్‌నీ తెరిచి, చూసి, కారణం నాలుగు వాక్యాల్లో రాసి మూసెయ్యాలి. ఆ రాయడం నాకిష్టం. ఎవరూ చదవరని తెలిసినా శ్రద్ధగా రాసేదాన్ని.

ఈ సాఫ్ట్‌వేర్ ధర వింటే కళ్ళు తిరుగుతాయి. రోజుకి ఎంత సమాచారం మింగితే అంత అని ఒక రేటు. అది కాక, లోపలికెళ్ళి చూసే మనిషికి ఇంత అని ఇంకో రేటు. దాన్ని సీటు అంటారు. సీటంటే కుర్చీ కాదు, ఒక పేరూ ఒక పాస్‌వర్డూ. ఒక్క సీటుకి ఏడాదికయ్యే ఖర్చు నా నాలుగు నెలల జీతం. మా కంపెనీ కొన్నవి మూడు. చూసేవాళ్ళం నలుగురం.

ఒకప్పుడు నాకూ ఉండేది సీటు. పాప పుట్టినప్పుడు ఆరు నెలలు సెలవు పెట్టాను. తిరిగొచ్చేసరికి అది కొత్తగా చేరినతనికి వెళ్ళిపోయింది. "ఇంకో సీటు కొనమంటే పైవాళ్ళు ఒప్పుకోరమ్మా. నేనెలాగూ ఎక్కువ చూడను కదా, నాది వాడుకో. ఈ కాంట్రాక్టు అయ్యేదాకానే," అన్నాడు మా మేనేజరు, తన పాస్‌వర్డు ఒక చీటీ మీద రాసిస్తూ. ఎంత మంచివాడో అనుకున్నాను. ఆర్నెల్ల పాపని వదిలి వచ్చిన మనిషికి ఎవరు ఏమిచ్చినా దయలాగే కనిపిస్తుంది. ఒక కాంట్రాక్టు అయిపోయింది, రెండోదీ అయిపోవచ్చింది. నాలుగేళ్ళుగా నేను ఆయన పేరు మీదే చూస్తున్నాను, రాస్తున్నాను, మూస్తున్నాను. కిందటేడు బిల్లుల విభాగంలో ఒకరి ఖాతాలోకి బయటివాళ్ళు దూరితే మొదటి పది నిమిషాల్లోనే పట్టుకున్నాను. ప్రశంసాపత్రం ఆయనకొచ్చింది. ఆయన కేకు కోయించి, పెద్ద ముక్క నా ప్లేటులో వేసి, "అంతా నీ చలవే," అన్నాడు, పక్కవాళ్ళకి వినపడనంత మెల్లిగా. దానికే పొంగిపోయి ఇంటికెళ్ళాను. నన్ను నేను తిట్టుకోవాల్సిన రోజుల్లో అదొకటి.

కాంట్రాక్టు మళ్ళీ రాయాల్సిన నెల వచ్చింది. రాసేముందు, మూడు సీట్లూ ఎవరు ఎలా వాడారో చూడటానికి సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఒకావిడని పంపింది. మందపాటి కళ్ళజోడు, చేతిలో నోటుపుస్తకం. వచ్చిన గంటకే ఆవిడకి లెక్కలావిడ అని పేరు పెట్టేశాం. అద్దాల గదిలో రెండు రోజులు తలెత్తకుండా కూర్చుంది. రెండోరోజు మధ్యాహ్నం మేనేజరు నన్ను పిలిచాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒకరి సీటు ఇంకొకరు వాడితే ఒప్పందం తప్పినట్టట. నాలుగేళ్ళకీ కలిపి జరిమానా వేస్తారట," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నువ్వే ఒక ఉత్తరం రాసివ్వమ్మా. నాకు తెలియకుండా నా పాస్‌వర్డు వాడానని. ఒక మనిషి పొరపాటు అంటే జరిమానా తగ్గిస్తారు. నీ ఉద్యోగానికేం కాదు, నేను చూసుకుంటాగా."

రేపటిలోగా ఇవ్వమన్నాడు. బస్సులో కూర్చున్నాక లెక్క వేసుకున్నాను. ఆ ఉత్తరం ఇస్తే దొంగతనం ఒప్పుకున్నట్టే. కంప్యూటర్లకి కాపలా కాసే ఉద్యోగంలో దొంగ పాస్‌వర్డు వాడిన మనిషిని ఇంకెక్కడా దగ్గరికి రానివ్వరు. ఇవ్వకపోతే, రేపటినుంచి మేనేజరు నన్ను ఎలా చూస్తాడో ఊహించుకోగలను.

ఇంట్లో చెప్పాను. మా ఆయన శ్రద్ధగానే విన్నాడు. "రాసిచ్చేసెయ్, గొడవ వదిలిపోతుంది. ఇందులో నామోషీ ఏముంది? మనింట్లో చూడు, గ్యాసు నా పేరు మీదుంది, కరెంటు నా పేరు మీదుంది. అందరం వాడుకోవట్లేదా?" అన్నాడు. నిజమే. ఆ గ్యాసు ఆయన వాడిన రోజులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ మాట పైకి అనే ఓపిక కూడా లేదు నాకు.

మా అత్తగారు పాప గౌనుకి గుండీ కుడుతోంది. ముప్పై ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టిన మనిషి. ఊరికే ఉండటం చేతకాదు ఆవిడకి. దారం పళ్ళతో తెంపి, "రాసివ్వకు," అంది.

"అమ్మా, నీకు తెలీదు..." అన్నాడు మా ఆయన.

"నాకు తెలిసినంత నీకు తెలీదురా. కొత్తలో నాకు పనివాళ్ళకిచ్చే నంబరివ్వలేదు. సూపర్‌వైజరు చెల్లెలి నంబరు మీద కుట్టమన్నారు. రెండేళ్ళు కుట్టాను. కాలరు వంకర పోతే నన్ను కేకలేసేవాళ్ళు. బాగా వస్తే ఆ చెల్లెల్ని మెచ్చుకునేవాళ్ళు."

"మీరేమీ అనలేదా అత్తయ్యా?"

"అడగొచ్చని నాకెవరు చెప్పారు? మా అత్త చెప్పిందా, మా అమ్మ చెప్పిందా? నీకు నేను చెప్తున్నా. రేపు స్కూలునుంచి పిల్లని నేను తెచ్చుకుంటా, వంట సంగతి వీడు చూస్తాడు. నువ్వు తేల్చుకునే రా."

వీడు అంటే ఎవరో ఒక క్షణం మా ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వంక చూశాడు. నేను మా అత్తగారి వంక చూస్తున్నాను. పెళ్ళైన కొత్తలో ఈవిడ ముందు నోరెత్తడానికే భయపడేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. పెడితే తిడుతుందని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తిన్నగా అద్దాల గదికి వెళ్ళాను. తలుపు తట్టి, "మా మేనేజరు సీటు వాడింది నేను. నేను దొంగిలించలేదు, నాకిచ్చారు," అన్నాను. దారి పొడుగునా వల్లె వేసుకున్న మాటలవి.

లెక్కలావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కూర్చోండి. మీరు రాకపోతే నేనే పిలుద్దామనుకున్నా," అని నోటుపుస్తకం నా వైపు తిప్పింది. "ఆఫీసు హాజరుపట్టీ తెప్పించుకున్నాను. కిందటేడాదిలో పదిహేడు రోజులు ఈ సీటు అసలు తెరుచుకోలేదు. ఆ పదిహేడు రోజులూ మీ మేనేజరు ఆఫీసులోనే ఉన్నారు. సెలవులో ఉన్నది మీరు. ఆయన కుటుంబంతో టూరుకెళ్ళిన రెండు వారాలూ మాత్రం ఈ సీటు రోజుకి ఎనిమిది గంటలు పనిచేసింది."

నా జ్వరాలూ, పాప జ్వరాలూ, స్కూల్లో మీటింగులూ, అన్నీ ఆ కాగితం మీద ఖాళీలుగా ఉన్నాయి. ఎవరూ పట్టించుకోలేదనుకున్న నా నాలుగేళ్ళని ఆ సాఫ్ట్‌వేర్ ఒక్క నిమిషం కూడా వదలకుండా పట్టించుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మంచినీళ్ళ సీసా నా ముందుకి జరిపింది.

"పదకొండు వేల పైచిలుకు అలర్ట్‌లు. అన్నీ చదవాల్సిన పని నాకు లేదు, రెండు చూస్తే చాలు. మొదలుపెట్టాక ఆపలేకపోయాను, టీ చల్లారిపోయింది. నేను తిరిగిన ఆఫీసుల్లో ఇంత శుభ్రంగా రాసినవాళ్ళు లేరు," అంది. ఆ తర్వాత కాంట్రాక్టు తీసి, చివర్లో సన్నక్షరాల పేజీ చూపించింది. ఎవరూ చదవని పేజీ. సీటు ఒకరి పేరున కొని ఏళ్ళ తరబడి వేరొకరే వాడుంటే, నిజం ఒప్పుకుని, పాత రికార్డుతో సహా వాడిన మనిషి పేరుకి మార్చుకోవచ్చట. అప్పుడు జరిమానా ఉండదు. "కానీ మీ మేనేజరు సంతకం పెట్టాలి, ఈ నాలుగేళ్ళూ ఆ సీటు తను వాడలేదని. ఉత్తరమా, ఈ ఫారమా అన్నది మీరే ఆలోచించుకోండి."

ఆలోచించడానికి ఏముంది? అక్కడే కూర్చుని ఫారం నింపాను. వాడుకరి అన్న గడిలో నా పేరు రాస్తుంటే, చాలా రోజుల తర్వాత పుట్టింటి గడప తొక్కినట్టనిపించింది.

పదకొండింటికి డైరెక్టరు గదిలో అందరం కూర్చున్నాం. లెక్కలావిడ ఒక చేత్తో జరిమానా కాగితం, ఇంకో చేత్తో నా ఫారం ఆయన ముందు పెట్టింది. డైరెక్టరు జరిమానా అంకె చూసి, ఫారాన్ని మేనేజరు వైపు తోశాడు. మేనేజరు కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. "మరి నేనెలా చూడాలి సార్?" అన్నాడు.

"ఇంకో సీటు కొనాలండీ. నాలుగోది," అన్నాను. ధర కూడా చెప్పాను. ఆ గదిలో నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. డైరెక్టరు ధర విని దగ్గాడు. మేనేజరు సంతకం పెట్టాడు.

మధ్యాహ్నానికి రికార్డు మారింది. నా పేరు కింద పదకొండు వేల అలర్ట్‌లు వరసగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కొక్కటే కిందికి జరుపుతూ చూసుకున్నాను. బిల్లుల విభాగం కేసు వచ్చింది. ఇంకా కిందికి వెళ్తే, రెండో ఏడాదిలో, ఇంకొకటి కనిపించి చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు పాపకి బాగోలేదని ఇంటినుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆ హడావుడిలో ఒక అలర్ట్‌ని సరిగ్గా చూడకుండా ఉత్తదేనని రాసి మూసేశాను. అది ఉత్తది కాదు. మర్నాడు గోదాము కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి, రెండు రోజులు సరుకు కదల్లేదు. డైరెక్టరు కేకలు కారిడార్ చివరిదాకా వినిపించాయి. అవన్నీ మేనేజరు ఒక్కడే పడ్డాడు. మూసింది నేనని చెప్పలేదు. బయటికొచ్చి, "ఇకమీదట జాగ్రత్తమ్మా," అని మాత్రం అన్నాడు.

అది కూడా ఇప్పుడు నా పేరు మీదుంది. దాన్ని తెరిచి, కింద ఇంకో వాక్యం చేర్చాను: ఈ పొరపాటు నాది. తర్వాత లేచి మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన తలెత్తలేదు. నాకు ఆయన మీద కోపం ఉందో లేదో వెతుక్కుని చూశాను. ఉంది. దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది.

"గోదాము కేసప్పుడు నా పేరు బయటపెట్టకుండా మీరే పడ్డారు. దానికి మీకు చాలా థాంక్స్ సార్," అన్నాను.

ఆయన అప్పుడు తలెత్తాడు.

"ఇకనుంచి నా తిట్లు నేనే తింటాను."