నవ్వితేనే అచ్చు

నేను ఒక కామాని. సీసంతో పోత పోసిన, తోక కాస్త అరిగిన పన్నెండు పాయింట్ల కామాని. మద్రాసు ఫౌండ్రీలో పుట్టి, తెనాలిలో వీరరాఘవయ్య గారి ప్రెస్సుకు చేరాను. ఆయన పిల్లల మాసపత్రిక నడిపేవారు. చివరి పేజీలో జంతువుల జోకులు స్వయంగా రాసేవారు. ఆ జోకులన్నీ నా మీదే బతికేవి.

'కోతి అన్నది, మొసలి తెలివితక్కువది' అని ఒకసారి. 'కోతి, అన్నది మొసలి, తెలివితక్కువది' అని ఇంకోసారి. అంతే జోకు. నన్నూ నా తమ్ముణ్ణీ అటూ ఇటూ మార్చి ఇరవయ్యేళ్లలో అడవి మొత్తాన్ని తిట్టించారు. పాఠకులకు అర్థం కాదేమోనని కింద బ్రాకెట్లో వివరణ కూడా వేసేవారు.

ఆ ప్రెస్సులో ఒక ఆచారం ఉండేది. ప్రూఫు చేతికి రాగానే అయ్యగారు గట్టిగా చదివి తలెత్తి చూసేవారు. అక్షరాలు పేర్చే కంపోజిటర్ నవ్వితేనే, పేర్చిన పేజీల ఫారం మిషనెక్కేది. నవ్వని ఇద్దరు అప్పటికే ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మూడో కంపోజిటర్ మీరావలి మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వి నిలదొక్కుకున్నాడు. అతని ఇంట్లో ఐదుగురి తిండి ఆ నవ్వు మీదే ఉంది.

ఒక వేసవిలో అతనికి హెర్నియా ఆపరేషనైంది. పది రోజులకే పనిలోకి వచ్చాడు. అయ్యగారు కోతీ మొసలీ చదివి తలెత్తారు. మీరావలి పొట్ట పట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"ఏం, బాలేదా?"

"బాగుందండి. కుట్లు పచ్చిగా ఉన్నాయి, నవ్వొద్దన్నాడండి డాక్టరు."

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. అయ్యగారి మొహం మాత్రం వెలిగిపోయింది. తన జోకుకు కుట్లు ఊడతాయని సాక్షాత్తూ డాక్టరే ఒప్పుకున్నాడన్నమాట. అక్కడికక్కడే నెల రోజులు సెలవిచ్చారు, జీతంతో సహా.

ఇక నవ్వేవాడు లేడు. మిషన్ తొక్కే అతనికి చెవుడు. ఆచారం ఆచారమే కనుక పత్రిక ఆగింది. అయ్యగారు రోజూ ఆ ప్రూఫు తనకు తానే చదువుకునేవారు. మొదటి వారం నవ్వుకున్నారు. రెండో వారం వివరణ కూడా చదివారు. మూడో వారం కళ్లజోడు తీసి పక్కన పెట్టి ప్రూఫును బోర్లించేశారు. నాకు జాలేసింది.

మీరావలి తిరిగి రాగానే అడిగారు. "నిజం చెప్పు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా నవ్వొచ్చిందా నీకు?"

మీరావలి అక్షరాలు పేర్చే స్టిక్కును చేతిలోంచి కింద పెట్టాడు. "జోకుకు రాలేదండి. చదివాక నా మొహంలోకి అలా తొంగి చూస్తారు చూడండి, అప్పుడొచ్చేదండి. ఆపుకుందామన్నా ఆగేది కాదు."

ఉద్యోగానికి నీళ్లొదిలేసుకునే చెప్పాడా మాట. అయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. తర్వాత, ఎప్పటిలాగే, అతని మొహంలోకి తొంగి చూశారు. మీరావలికి నవ్వాగలేదు.

"నవ్వావుగా. ఫారం ఎక్కించు," అన్నారు అయ్యగారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "ఆ వివరణ మటుకు తీసెయ్."

ఇప్పుడు తోక పూర్తిగా అరిగి, కరిగించే సీసం డబ్బాలో ఉన్నాను. అందరూ నా వల్లే నవ్వుతున్నారన్న గర్వం నాకూ ఉండేది. అది ఆ రోజే కరిగిపోయింది, నేనే ఇంకా కరగాలి.