ఉంటున్న చోటు

ఏటి అవతల పుట్టి ఇవతల ఉంటున్న వాళ్లంతా పదిహేను రోజుల్లోగా మిలిటరీ క్యాంపుకు వచ్చి గుర్తింపు అట్ట తీసుకోవాలని ఊళ్లో డప్పు వేశారు. అది విని సైదమ్మ నవ్వింది. ఆమె పెనిమిటి పర్వతాలు పల్నాటి ఒడ్డున పుట్టినవాడే. పన్నెండేళ్ల కింద అక్కడ మేత ఎండిపోయిన ఏడు, నలభై గొర్రెలతో కృష్ణ దాటి వచ్చాడు. సైదమ్మ తండ్రికి కొడుకుల్లేరు. పిల్లవాడి చేతిలో గొర్రెలు బలుస్తున్నాయని చూసి ఇల్లరికం తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి పర్వతాలు మళ్లీ ఏరు దాటలేదు.

"రెండొడ్లూ ఒక్క సర్కారే అయినయన్నరు గదా. మల్ల నువ్వు పరాయోడివెట్లయితవు?" అని మంద దగ్గరికి సద్ది తెచ్చినప్పుడు అడిగింది.

పర్వతాలు సద్దిమూట విప్పసాగాడు. అతని నోట్లోంచి మాట రావాలంటే మంద కట్టినంత సేపు పడుతుంది.

దసరా ముందు నిజాం రాజ్యం పడిపోయింది. రజాకార్లు మాయమయ్యారు. వచ్చిన మిలిటరీ కూడా పోతుందనుకున్నారు గాని పోలేదు. దొరల భూములు పంచిపెట్టిన సంగం దళాల కోసం గుట్టలూ చెలకలూ గాలించడం మొదలుపెట్టింది. దళాలకు ఏటి అవతలి నుంచి మనుషులొస్తున్నారని వాళ్ల అనుమానం. అందుకే ఈ అట్ట. మొదట పటేలు ఇచ్చే నివాసం చీటీ వేరు, క్యాంపు ఇచ్చే గుర్తింపు చీటీ వేరు. ఇప్పుడు రెండూ కలిపి ఒకటే చేశారు. అది లేకుండా దొరికినవాణ్ని సంగపోడి కింద జమ కడతారు.

"అట్ట లేకున్నా గొర్లు మేస్తయిలే," అన్నాడు పర్వతాలు చివరికి.

"గొర్లు మేస్తయి. నువ్వు జైల్ల మేస్తవు."

రేపు మాపు అంటూ పన్నెండు రోజులు గడిపాడు. పదమూడో రోజు సైదమ్మ మందను చెల్లెలు గుర్వమ్మకు అప్పగించి, అతని భుజాన కొత్త గొంగడి వేసి బయల్దేరదీసింది.

"నేనొక్కణ్నే పోతనే," అన్నాడు.

"నువ్వొక్కడివే పోతే పేరు చెప్పేసరికే పొద్దు గూకుతది. నడువు."

తెలిసినవాడని పూచీ పడటానికి పోచయ్య కూడా వచ్చాడు. ఆయన నాలుగెకరాలే చేసుకునే చిన్న రైతు, కాని ఊళ్లో పెద్దమనిషి. ఏటా ఎరువు కోసం అందరికంటే ముందు ఆయన చేలోనే మంద పడుతుంది. సైదమ్మ ఆయన్ను మామా అని పిలుస్తుంది.

"నిన్ను చూస్తే నాకు నవ్వొస్తదిరా అల్లుడా," అన్నాడు పోచయ్య దారిలో. "పన్నెండేండ్లు నా చేను బలిపించినవు. ఇయ్యాల నువ్వు ఎవడివో నేను చెప్పాల్నట."

హుజూర్‌నగర్ బాటమీద పాత ధాన్యపు కొట్టంలో క్యాంపు పెట్టారు. లోపల రెండు బల్లలు. ఒకదాని వెనక గుమాస్తా, ఇంకోదాని వెనక పంజాబీ సుబేదారు. గోడకు ఊళ్ల నక్షా తగిలించి ఉంది. దాని పక్కన ఊరి పట్వారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరి ఊరు ఏదో, ఎవరి భూమి ఎక్కడో చెప్పడానికి ఆయన్ను పొద్దున్నుంచీ అక్కడే ఉంచారు.

గుమాస్తా పేరు రఘుపతి. మాట మెత్తన. కాగితం మీద రాయకముందు ప్రతి మాటా ఒకసారి పైకి అనుకుంటాడు.

"మీదే ఊరు సారూ?" అనడిగింది సైదమ్మ, అతను కలం సర్దుకుంటుండగా.

"తెనాలి దగ్గరమ్మా."

"గట్లయితే మీరు గూడ ఏటి అవతలోళ్లే. మీ అట్ట యాడుంది?"

వెనక వరసలో నవ్వారు. రఘుపతి కూడా నవ్వాడు. "నన్ను సర్కారు తీసుకొచ్చిందమ్మా."

"మావోణ్ని కరువు తీసుకొచ్చింది."

దాంతో అతనికి ఆమె మీద అభిమానం పుట్టినట్టుంది. కూర్చోమని పీట చూపించాడు. పేరు రాశాడు. తండ్రి పేరు, పుట్టిన ఊరు రాశాడు. ఒంటిమీద గుర్తులు అడిగితే పర్వతాలు పంచె పైకి లాగి కుడి పిక్క చూపించాడు. చిన్నప్పుడు తోడేలు కరిచిన మచ్చ అది. రఘుపతి వంగి చూసి, "తోడేలు," అని పైకి అనుకుంటూ రాశాడు.

"ఉంటున్న చోటు?"

పర్వతాలు పైకప్పు వంక చూశాడు. "మంద కాడ."

"మంద ఎక్కడ?"

"యాడుంటే ఆడ."

"అలా రాయకూడదయ్యా. ఇల్లు లేదా?"

"ఇల్లున్నది," అంది సైదమ్మ. "మా నాయిన కట్టింది. రాసుకోండ్రి."

"అయితే రాత్రులు ఇంట్లోనే ఉంటాడు కదా?"

అవునంటే ఆ గడి నిండేది. ఇంటికి పోయేవాళ్లు. కాని గొర్రెలు కాచేవాళ్లలో అంత మాట పడేవారు లేరు. మందను తోడేళ్లకు వదిలి ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకునేవాడని పెనిమిటిని ఆమె తన నోటితో ఎలా అంటుంది?

"ఇంట్ల నేనుంట," అంది. "గొర్లు కాసేటోడు ఇంట్ల పంటడా సారూ? ఎవలన్నా వింటే నవ్వుతరు. పంట కోసినంక రైతులు మందను చేన్ల పెట్టుమని అడుగుతరు. పెంటికలు పడితే భూమికి బలం గదా. ఇయ్యాల ఒకలి చేన్ల, ఎల్లుండి ఒకలి చేన్ల. మంద యాడ పంటే ఈయన ఆడ పంటడు. వానలు పడేదాంక ఇంటి గడప తొక్కడు."

రఘుపతి కలం కింద పెట్టాడు. కొంచెంసేపు ఆలోచించాడు. ఆ మనిషికి మేలు చేయాలనే ఆలోచించాడు, అందులో అబద్ధం లేదు.

"ఒక పని చేద్దామమ్మా. ఈ నాలుగు నెలల్లో మంద ఎక్కడెక్కడ ఉందో చెప్పగలిగితే విడిగా ఒక కాగితం మీద రాస్తాను. ఏరు దాటలేదని దాంతో తేలిపోతుంది. గుర్తుందా నీకు?"

గుర్తుందా అని అడిగాడు. రోజూ పొద్దుగూకే వేళకు సద్దిమూట నెత్తిన పెట్టుకుని పోయే మనిషిని. ఏ రాత్రి మంద ఎక్కడుందో తెలియకపోతే ఆమె కాళ్లు ఎటు నడవాలి?

"రాసుకోండ్రి," అంది సైదమ్మ కొంగు బిగించి. "దసరకు పోచయ్య మామ చెలకల. ఐదు రాత్రులు. ఆడికెళ్లి వెంకటయ్య మిట్టచేన్ల రెండు. దీపావళికి లింగయ్య చేన్ల, వాళ్ల సుగుణమ్మ అక్క బూరెలు గూడ ఇచ్చింది."

పర్వతాలు ఆమె కొంగు పట్టుకుని చిన్నగా లాగాడు. బూరెల సంగతి ఎందుకని అంటున్నాడనుకుని ఆమె పట్టించుకోలేదు.

పక్క బల్ల దగ్గరి సుబేదారు తలెత్తాడు. ఏమంటోందని రఘుపతిని అడిగాడు. రఘుపతి తడుముకుంటూ చెప్పాడు. సుబేదారు లేచి వచ్చి ఆమె ముందు నిలబడి, "ఫిర్ సే బోలో. ఆహిస్తా," అన్నాడు.

నిజాం రాజ్యంలో పుట్టి పెరిగిన మనిషికి ఆ మాట మరొకరు తెలుగులో చెప్పాల్సిన పనిలేదు. మళ్లీ చెప్పు, నిమ్మళంగా చెప్పు అంటున్నాడు. అంత పెద్ద అధికారి గొర్రెల మంద సంగతి నిలబడి వింటాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మొదటి నుంచి చెప్పింది. ఒక్కో చేను పేరు రాగానే సుబేదారు పట్వారి వంక చూస్తున్నాడు. పట్వారి నక్షామీద వేలు పెడుతున్నాడు. నక్షాలో అక్కడక్కడా ఎర్ర తలల గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. పోచయ్య చెలక దగ్గర పట్వారి వేలు ఒక సూది పక్కనే ఆగింది. లింగయ్య చేను దగ్గర మరో సూది పక్కన ఆగింది.

"దీపావళి పోయినంక మల్ల పోచయ్య మామ చేన్లనే, ఏటి దిక్కు తుకడాల. పీర్ల పండుగకు ముందు మూడు రాత్రులు ఇస్రాయేలు చెలకల."

"అది నాకు తెల్వదు హుజూర్," అన్నాడు పట్వారి. "గా పేరుతోని భూమి లేదు."

సైదమ్మకు కష్టమనిపించింది. సంగం పంచినప్పుడు ఇస్రాయేలుకు వచ్చిన రెండెకరాలు అవి. కాగితాల్లో ఇంకా దొర పేరే ఉండవచ్చు. కాని భూమి ఎక్కడికి పోతుంది?

"గదేంది పట్వారి దొరా. పోయినేడు మీరే గదా ఆడ గట్టుమీద నిలబడి కొలిచిన్రు. నల్లకుంట తూము దిగంగనే ఎడమకు, జిల్లేడు పొదల పక్కన."

పట్వారి ఆమె వంక చూశాడు. ఆ చూపు ఏమిటో అప్పుడామెకు తెలియలేదు. నెమ్మదిగా వేలు జరిపాడు. నల్లకుంట తూము. ఎడమకు. అక్కడ ఎర్ర సూది ఉంది.

పర్వతాలు ఆమె కొంగు వదిలేశాడు.

సుబేదారు ఇంకేమీ అడగలేదు. సిపాయిని పిలిచి ఏదో అన్నాడు. సిపాయి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. రఘుపతి తను రాసిన కాగితాన్ని అరచేత్తో కప్పుకుని ఉన్నాడు, దాన్ని ఇప్పుడింక ఎవరూ చూడకుండా చేయగలిగినట్టు.

"ఏమైంది సారూ? దాటలేదని తేలింది గదా," అంది సైదమ్మ.

"తేలిందమ్మా." అతని గొంతు పక్కవాళ్లకు కూడా వినపడనంత చిన్నదైంది. "ఆ సూదులు దళంవాళ్లు రాత్రిళ్లు ఆగి అన్నం తిన్న చోట్లు. వాళ్లు వెళ్లిపోయాక తెల్లవారి వీళ్లకు కబురొచ్చేది. అన్నం పెట్టిందెవరో ఇన్నాళ్లూ తెలియలేదు."

సైదమ్మకు మాట వినపడింది గాని లోపలికి దిగలేదు. పోచయ్య చెలక, లింగయ్య చేను, మళ్లీ పోచయ్యది, ఇస్రాయేలుది. తన గొంతే తిరిగి తనకు వినిపిస్తోంది. ఎంత పద్ధతిగా చెప్పింది. ఒక్క రాత్రి కూడా తప్పు పోకుండా చెప్పింది. చలికాలం ఆకలెక్కువని పెనిమిటి ఎక్కువ రొట్టెలు తెమ్మన్న రోజులు గుర్తొచ్చాయి. నాలుగు అడిగిన చోట పది చేసి మోసింది. పది రొట్టెలు తిని మనిషి ఎందుకు లావెక్కడం లేదని నవ్వింది కూడా.

పెనిమిటి వైపు తిరిగింది. అతను నేల చూస్తున్నాడు.

"పిలగాండ్లే," అన్నాడు. "మూతిమీద మీసం గూడ రాలె. ఆకలైతాందన్నరు."

"నాకెందుకు చెప్పలె?"

"నీ నోరు నీకు తెల్వదా," అన్నాడు.

కోపంగా అనలేదు.

రఘుపతి ఆ మాటలు విన్నాడు. సుబేదారు ఏమన్నారని అడిగితే, భార్యాభర్తల గొడవని చెప్పాడు. కాని అప్పటికి దానివల్ల జరిగే మేలు ఏమీ లేదు. సిపాయి పర్వతాలు చేతులు వెనక్కి విరిచి, అతని కొత్త గొంగడి చించకుండానే దాని అంచుతో కట్టాడు. ఇంకొక సిపాయి పోచయ్య భుజం మీద చేయి వేశాడు. పూచీకి వేసిన వేలిముద్ర సిరా ఇంకా ఆయన బొటనవేలికి ఉంది.

"మామా," అంది సైదమ్మ.

"నాదేమున్నది బిడ్డా. ఎరువు కోసం పెట్టించుకున్న," అన్నాడు పోచయ్య. ఆ మాట సుబేదారుకు చెప్పాల్సింది. ఆమెకు చెప్పాడు.

వాళ్లిద్దర్నీ వెనక గదిలోకి తీసుకుపోయాక సైదమ్మ అక్కడే పీటమీద కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు. వరసలో వెనక నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. కాసేపటికి సుబేదారు ఏదో చెప్పాడు. రఘుపతి సగం నిండిన దరఖాస్తు ముందుకు లాక్కుని రాశాడు, ఈసారి పైకి అనుకోకుండా. దాని నకలును అట్టకు అంటించి ముద్ర కొట్టి ఆమె చేతికిచ్చాడు.

"ఏంది సారూ ఇది?"

"అవతల పుట్టినవాళ్లు ఎక్కడున్నా, లోపలున్నా సరే, అట్ట ఉండాలని ఆర్డరు. ఒకటి ఇక్కడుంటుంది. ఒకటి ఇంటివాళ్లకు."

"నాకు సదువు రాదు. ఏం రాసిన్రో చదువుండ్రి."

చదివాడు. పేరు పర్వతాలు. తండ్రి పేరు. పుట్టిన ఊరు. కుడి పిక్క మీద తోడేలు కరిచిన మచ్చ. అక్కడ ఆగాడు.

"ఉంటున్న చోటు?" అని ఆమే అడిగింది.

"క్యాంపు."

"ఎన్నొద్దులు?"

"ఆ గడి ఇందులో లేదమ్మా."

ఊరి బాట పట్టేసరికి పొద్దు పడమటికి వాలింది. సగం దారిలో వెనక నుంచి మిలిటరీ లారీ వచ్చి, ఆమె మీద దుమ్ము పోసి ముందుకు పోయింది. ముందు సీట్లో పట్వారి కూర్చుని ఉన్నాడు. ఊరి మొదట్లోకి చేరేసరికి అది వెంకటయ్య ఇంటి ముందు ఆగి ఉంది. అక్కణ్నుంచి లింగయ్య ఇంటికి పోయింది. తర్వాత ఇస్రాయేలు ఇంటికి. ఆమె చెప్పిన వరస తప్పలేదు. ఎక్కడా సూది లేని వెంకటయ్యను కూడా వదల్లేదు. సైదమ్మ దడి చాటున నిలబడి చూసింది.

పొద్దు గూకుతోంది. ఏమైనా గొర్రెలు గొర్రెలే. వాటికి రాత్రికి చోటు కావాలి. ఈ రెండు రాత్రులూ లింగయ్య చేలో మంద పెట్టాలని నాలుగు రోజుల కిందే మాట అయింది. చెల్లెలి దగ్గర మందను తీసుకుని అటే తోలింది. గొర్రెలకు ఆ చేను తెలుసు. తోలకముందే అవి గట్టు దిగాయి.

సుగుణమ్మ గట్టుమీద నిలబడి ఉంది. లింగయ్య పెళ్లాం. ఏడ్చి ఏడ్చి ఆమె ముఖం ఉబ్బి ఉంది గాని ఇప్పుడు ఏడవడం లేదు.

"మలుపుకో," అంది.

"అక్కా, నాకు తెల్వదు. దేవుని సాచ్చి, నాకు తెల్వదు."

"బూరెలు పెట్టిన్నని గూడ చెప్పినవట."

సైదమ్మ కర్ర నేలకు ఆనించి నిలబడింది.

"మాకు ఎరువొద్దు, ఏమొద్దు. మలుపుకో సైదమ్మా. మా గట్టు తొక్కనియ్యకు."

అప్పటికే నడుం వాల్చిన గొర్రెలను కర్రతో లేపి బయటికి తోలడానికి చాలాసేపు పట్టింది. కిష్టయ్య చేను దగ్గరికి పోయింది. ఆ చేను పేరు ఆమె ఎవరికీ చెప్పలేదు. దూరం నుంచి మందను చూసి కిష్టయ్య కంచెకు కొట్టిన ముళ్లకంప లాక్కొచ్చి దారికి అడ్డంగా వేశాడు. వేసి లోపలికి పోయాడు. అవతలి చేలో ఉన్న ముసలామె, తనవైపు రావద్దని రెండు చేతులూ ఊపింది.

మసక చీకటి పడింది. గొర్రెలు ఆకలికి కాదు, నిలబడలేక అరుస్తున్నాయి. ఊరికీ చెలకలకూ నడుమ బండ్ల బాట ఉంది. అది ఎవరి పేరుమీదా లేదు. సైదమ్మ మందను అక్కడే ఆపింది.